మా మామ తేనెపెట్టె

మా మామ దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల మధ్యే బతుకంతా గడిపారు. ఆ చప్పుడుకు ఆయన చెవులు మెల్లమెల్లగా మూతపడ్డాయి. మగ్గాలు అమ్మేశాక నేనూ మా ఆయనా అత్తనూ మామనూ బెంగళూరులో మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆయనకు ఏది చెప్పాలన్నా అరవాలి. అరిచి అరిచి విసుగొచ్చి అవసరమైనవి తప్ప చెప్పడం మానేశాం. అత్త కూడా అంతే. మామ రోజంతా మేడ మీద ఒక్కరే కూర్చునేవారు.

ఒక ఉదయం అక్కడ మూలన పడేసిన పాత చెక్కపెట్టెలోకి తేనెటీగల గుంపు దిగింది. నేను భయపడి మందు కొట్టేవాళ్ళకు ఫోన్ చేయబోతే మామ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“వద్దమ్మా. గూడు వెతుక్కుంటా వచ్చినాయి. వాటి పాటికి వాటిని ఉండనీ.”

నేను పిలిస్తే దేవనహళ్ళి దగ్గర తేనెటీగలు పెంచే ఒకాయన వచ్చి, వాటిని సరైన పెట్టెలోకి మార్చాడు. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టి, మామకు ఏవేవో జాగ్రత్తలు చెప్పి వెళ్ళాడు. మామ అన్నిటికీ తల ఊపారు.

ఇక సాయంత్రాలు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చోవడం ఆయనకు అలవాటైంది. ఒకసారి నన్నూ పిలిచారు.

“నువ్వూ చెయ్యి పెట్టి చూడమ్మా. దూరంగా మగ్గం ఆడతా ఉండేట్ల లేదూ?”

నిజమే. చెక్కలోంచి సన్నటి అదురు నా వేళ్ళలోకి పాకింది. మామ నవ్వుతుంటే చూసి ఎన్నాళ్ళయిందో.

అత్తకు మాత్రం కోపం. “పెళ్ళాంతో ఒక మాట లేదు గానీ, ఈగల కాడ పొద్దంతా కూచుంటాడు” అని నాతో అనేది.

వానలు పట్టుకున్నాయి. వీధిలో ఒక్క చెట్టుకూ పువ్వు లేదు. ఒక పొద్దున మామ గబగబా కిందికి వచ్చారు.

“అమ్మా, ఒకసారి పైకి రా. లోపల శబ్దం ఉండాదేమో చెవి పెట్టి చూడు. నా చేతికి ఏమీ తెలీట్లేదు.”

చెవి పెట్టాను. ఏమీ లేదు. మూత తీస్తే ఖాళీ తేనెపట్లు, వాటి మీద పాకుతున్న తెల్లటి పురుగులు. ఈగలు వెళ్ళిపోయాయి.

ఫోన్ చేస్తే, తిండి దొరక్క పోయుంటాయని, వానాకాలం చక్కెర నీళ్ళు పెట్టమని ఆ రోజే చెప్పానని తేనెటీగలాయన అన్నాడు. అది మామకు గట్టిగా చెప్పాను.

“చెప్పే ఉంటాడు. నాకు వినపడలేదు. మళ్ళా మళ్ళా అడిగితే ఏమనుకుంటాడో అని తలకాయ ఊపినాను” అన్నారు మామ.

మెట్ల మీద నిలబడిన అత్త ఆ మాట విన్నది. కిందికి దిగిపోయింది. మర్నాడు నా చేత మళ్ళీ ఫోన్ చేయించి, ఇంకో గుంపు కావాలని తేనెటీగలాయనతో తనే కన్నడలో మాట్లాడింది. ఎప్పుడేం చెయ్యాలో అడిగి తెలుసుకుంది. తర్వాత మామ పక్కన కూర్చుని, చెవి దగ్గరికి వంగి, అరవకుండా, ఒక్కొక్కటే చెప్పింది. అర్థం కానిది ఆయన మళ్ళీ అడిగారు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆ ఇద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం మా ఇంటికొచ్చాక అదే మొదలు.

చలికాలం పోయాక కొత్త గుంపు వచ్చింది. మా వీధి హొంగె చెట్లు, అదే కానుగ చెట్లు, పూసి, రోడ్డంతా రాలిన పూలు పరుచుకున్న రోజుల్లో పట్లు నిండాయి. తేనె ముదురు రంగులో ఉంది, చివర్న కాస్త వగరు. వేడి జొన్నరొట్టె మీద పోసుకుని మేడ మీదే తిన్నాం. మోచేతుల దాకా కారింది.

తేనె పిండాక మిగిలిన మైనాన్ని అత్త కొబ్బరినూనెలో కరిగించి, మామ మడమల పగుళ్ళకు రాసింది. ఆయన “నీ కాళ్ళు కూడా చూపించు” అన్నారు.

“కోడలు ఉండాది, ఊరుకో” అని అత్త చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుంది.

నేను రొట్టెల గిన్నె తీసుకుని కిందికి వచ్చేశాను.