ఎండలో ఆరబెట్టిన కొవ్వు

ఈ ఘోరాన్ని జరిగిన వారంలోనే రాయాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఇంకొకరితో రాయిద్దామంటే, వాళ్లు ముందుగా ఊరంతటికీ చదివి వినిపిస్తారు. యాభై ఆరో ఏట నేనే నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు మీరు తీరిగ్గా నవ్వుకోండి.

నాలుగేళ్ల కిందట, ఎండలు ముదిరే వేళ, కోరుట్లలో డాక్టరు నా రక్తపరీక్ష కాగితం చూసి కొలెస్ట్రాల్ ఎక్కువుందన్నాడు. నూనె తగ్గించు, మాంసం తగ్గించు, రోజూ పొద్దున నడువు, మూడు నెలల్లో దిగకపోతే గోలీలు రాస్తానన్నాడు. మూడు నెలలా? రెండేళ్లుగా మస్కట్‌లో ఉన్న మా ఆయన ఇరవై రోజుల్లో వస్తున్నాడు. జబ్బు మనిషినై ఎదురు వెళ్లనా?

అంతకన్నా పెద్ద వింత, ఆ కొవ్వు ఎక్కడుందన్నది. నేను కందికట్టె లాంటి మనిషిని. చేయి ఎండకు అడ్డం పెట్టి చూశాను. పొట్ట గిల్లి చూశాను. ఎక్కడా దొరకలేదు. అప్పుడే వంటింట్లో చల్లారిన మాంసం పులుసు కనబడింది. పైన కొవ్వు తెల్లగా పేరుకుంది. పొయ్యి మీద పెడితే ఇట్టే కరిగింది. ఇక నాకు డాక్టరెందుకు? పొయ్యి మీద కూర్చోలేను గానీ, మా ఊరు ఇబ్రహీంపట్నంలో ఎండకు కొదవా? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. ఎండ ఉండగానే ఒళ్లు చక్కబెట్టుకుందామనుకున్నాను.

కల్లంలో ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. అదే పట్టా మీద, పసుపు పక్కన, మిట్టమధ్యాహ్నం పడుకున్నాను. ఒక పక్క కాలాక అప్పడంలా రెండో పక్కకు తిరిగాను. చెమట కారుతుంటే కొవ్వే కారుతోందని మురిసిపోయాను. మూడో రోజు కళ్లు తిరిగి లేవలేకపోయాను. పసుపు తిరగేయడానికి వచ్చిన మా యారాలు రాజవ్వ, అంటే మా బావగారి భార్య, నన్ను చూసి కొయ్యబారింది. చెమటకు పసుపు అంటుకుని మెడ, చెంపలు, చేతులు అన్నీ పచ్చగా ఉన్నాయి.

“కామెర్లు గింత ముదిరినా ఒక్క మాట చెప్పకపోతివి చెల్లె” అని ఏడుపు అందుకుంది.

“కామెర్లు కాదక్కా. కొవ్వు కరగబెడుతున్న.”

దాంతో నాకు మతి కూడా పోయిందనుకుంది. నీడకు లాగి, నీళ్లు తాగించి, నేను వద్దు వద్దంటున్నా మస్కట్‌కు వీడియో కాల్ కలిపింది. ఆయన నా మొహం చూసి దవాఖానకు తీసుకుపొమ్మని కేకలు పెడుతుంటే, దాచలేక మొత్తం చెప్పేశాను.

“నాకు గూడ ఉన్నదే” అన్నాడు. “ఏడాదాయె, గోలీలు ఏసుకుంటున్న. నువ్వు రంది పెట్టుకుంటవని చెప్పలే. ఇంటికొస్తే గా డబ్బా ఎక్కడ దాయాల్నా అని చూస్తున్న.”

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రాజవ్వ మాత్రం కళ్లు తుడుచుకుని, “మీ ఇద్దరికి కొవ్వు రక్తంల లేదు, తలకాయల ఉన్నది” అని తేల్చేసింది.

అక్కడికక్కడే పసుపు కుప్ప మీద చేయి పెట్టి ఒట్టేశాను. ఈ జన్మలో పులుసు గిన్నెను వైద్యం అడగను. మా కల్లంలో పసుపు ఆరుతుంది, మిరపకాయలు ఆరుతాయి, నేను మాత్రం ఆరను.

మర్నాడు పొద్దున్నే నడకకు బయలుదేరాను. మా దగ్గర పని లేకుండా నడిచే ఆడమనిషిని వింతగా చూస్తారు కాబట్టి చేతిలో కొడవలి పట్టుకున్నాను. ఊరు దాటేలోపు ముగ్గురు ఆపి కూలికి రమ్మన్నారు.