చెంచమ్మ మనవడికి పరాయి పేరు

చెంచమ్మ అడవి మొహం ఎరుగదు. పుట్టినా మెట్టినా ముడిమ్యాల ఊళ్లోనే. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోతే, తల్లి ఈమెను పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. అడవి నుంచి తేనె అమ్మవచ్చిన చెంచామెకు చేటెడు తవుడుకు అమ్మి, మళ్లీ కొనుక్కొని, ఆ పేరే పెట్టుకుంది.

అదొక పాత ఎత్తుగడ. పరాయిపేరు వింటే యముడు ముట్టకుండా పోతాడట. ఊరు ఎవరిని చూసి జడిసేదో, ఎవరిని చూసి మూతి విరిచేదో, ఆపదలో వాళ్ల పేరే కావలసి వచ్చేది. చదువుకున్నవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? కిరాతులంటే వెనకటికి కొండల్లో వేటాడి బతికిన జనం. వాళ్ల పేరు ఇవాళ పేపర్లలో హంతకులకు కిరాతకులని తగిలిస్తున్నాం. మన మాట రానివాడిని మ్లేచ్ఛుడన్నాం, అడవిలో ఉండేవాడిని జంగ్లీ అన్నాం.

చెంచమ్మా ఆ తానులో ముక్కే. పెరటి గదిలో జార్ఖండ్ నుంచి వచ్చిన జంట కిరాయికున్నారు. మొగుడికి చందనవెల్లి ఫ్యాక్టరీలో పని. పెళ్లాం పేరు బుధని. వాళ్లు తమ భాషలో మాట్లాడుకుంటే, "జంగ్లోళ్లు, ఏం మొరుగుతరో" అని ఈమె దభాలున తలుపు వేసుకునేది.

ఇప్పుడు కోడలు సమతకు మూడో కాన్పు. ముందు ఇద్దరూ దక్కలేదు. వీడు నెలలు నిండకుండా పుట్టి, మొయినాబాద్ దవాఖానలో అద్దాల పెట్టెలో ఉన్నాడు. ఫోన్ మోగితే చాలు చెంచమ్మ చేస్తున్న పని వదిలి పరుగెత్తేది. పరాయి పేరు పెడదామంటే కొడుకు బాలరాజ్ కసిరాడు.

"ఏ కాలంల ఉన్నవే అవ్వా? డాక్టర్లు చూస్తున్నరు గద!"

ముందు ఇద్దర్నీ చూసిందీ డాక్టర్లే.

ఆ పొద్దున మళ్లీ ఫోన్ వచ్చింది. బిడ్డకు ఊపిరి ఆగి ఆగి వస్తున్నదట. చెంచమ్మ చేటలో తవుడు పోసుకొని, మొదటిసారి బుధని గడప ముందు నిలబడింది.

"గీ తవుడు నాకే ఇచ్చి నా మనుమని కొనుక్కో బిడ్డా. మీరు భయపడేటోళ్ల పేరు ఒకటి పెట్టు. యముడు దగ్గరికి రావద్దు."

బుధని వచ్చీరాని తెలుగులో అంతా అడిగి తెలుసుకుంది.

"ఉన్నది అవ్వా. దికూ."

"గాళ్లెవరు?"

"మా భూమి గుంజుకునేటోళ్లు. మా మాట తెల్వదు, దయ లేదు. దికూ వస్తడంటే మా పిల్లలు ఏడుపు ఆపుతరు."

"అమ్మో! గసొంటోళ్లు ఏడుంటరు?"

బుధని మెల్లగా చెప్పింది.

"మీరే అవ్వా. నీలెక్కనే ఉంటరు."

తను తలుపు వేసిన ప్రతిసారీ అవతల ఈ పిల్ల కూడా బెదిరిందని చెంచమ్మకు అప్పుడు తట్టింది. సిగ్గేసింది. కానీ అక్కడ పసివాడి ఊపిరి ఆగుతున్నది.

"గదే పెట్టు," అంది చేట ముందుకు చాపి. "మమ్ముల చూసి గింత భయపడేటోళ్లు ఉన్నరంటే, యముడు సుత జర భయపడుతడేమో."