కాఫీ వాసన దాటని కవరు

మా అమ్మ అనసూయకు ఇరవై రెండేళ్ళప్పుడు, నేను కడుపులో ఉండగా, ఒక శనివారంతో ఉద్యోగం పోవలసింది. పోకుండా ఆపిన మనిషి పాపక్క. ఆమె మాకు చుట్టం కాదు, పొరుగూ కాదు. ఇద్దరూ ఒకే అంగడిలో కాఫీపొడి పొట్లాలు కట్టేవాళ్ళు, అంతే. అమ్మ ఎన్నోసార్లు చెప్పగా విన్న కథ ఇది.

పాపక్కది దొడ్డబళ్ళాపురం. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ పట్టుమగ్గాల ఇళ్ళే. భర్త పోయాక, 1954లో బెంగళూరు వచ్చి, అవెన్యూ రోడ్డు పక్కసందులో అశ్వత్థప్ప గారి కాఫీపొడి అంగడిలో చేరింది. మొదట ఆమెకిచ్చిన పని కాఫీగింజల్లో రాళ్ళూ పుచ్చులూ ఏరడం. అక్షరం ముక్క రాదు. కానీ ముక్కు మాత్రం దేవుడు తీరిగ్గా చేసి పెట్టాడని అమ్మ అనేది. గింజలు వేపే డ్రమ్ము అంగడి ఆ చివర, పాపక్క కూర్చునేది ఈ చివర. ఉన్నట్టుండి తలెత్తి, "ఇంగ దించండప్పా, మాడతాది" అని కేక వేసేది. తలుపు తెరిచి చూస్తే గింజ సరిగ్గా పాకానికి వచ్చి ఉండేది. నాలుగు నెలలు ఇది గమనించి, అశ్వత్థప్ప ఆమెను డ్రమ్ము దగ్గరికి మార్చాడు. కొన్నేళ్ళకు పొట్లాలు కట్టే ఆడవాళ్ళందరికీ పెద్దను చేశాడు.

ఆ రోజుల్లో కాఫీపొడిని లోపల బటర్ పేపరు, పైన మామూలు కాగితం వేసి కట్టేవాళ్ళు. పేటలో జనం వారానికి సరిపడా కొనుక్కుపోయేవాళ్ళు కాబట్టి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా కోలారు, తుమకూరు లాంటి ఊళ్ళకు పంపే సరుకుతోనే. వానాకాలం లారీలో వెళ్ళిన పొట్లం తేమ పట్టి, పొడి బెల్లంగడ్డలా అయిపోయేది.

1962 వేసవిలో జోసెఫ్ అనే ఆయన అంగడికి వచ్చాడు. వాళ్ళది గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. తల్లి ఆసుపత్రిలో నర్సు. ఆయన ప్లాస్టిక్ కవర్లు చేసే ఒక ఫ్యాక్టరీకి ఏజెంటు. పలచటి పాలితిన్ కవరులో చెంబెడు నీళ్ళు పోసి, మూతి అతికించి, అశ్వత్థప్ప బల్లమీద తలకిందులుగా వేలాడదీశాడు.

"చుక్క పడితే నన్నడగండి. నీళ్ళు బయటికి రావు, తేమ లోపలికి పోదు" అన్నాడు.

అరగంట చూశారు. చుక్క పడలేదు. అశ్వత్థప్ప ఆ రోజే కవర్లు కావాలని చెప్పాడు. వాటి మూతులు అతికించడానికి కొత్తగా పెట్టుకున్న మనిషే మా అమ్మ. కవరు మూతిని ఇనుము కోసే రంపం బ్లేడు మీదుగా మడిచి, కొవ్వొత్తి మంట పక్కనుంచి అలా లాగాలి. ఎక్కువైతే చిల్లి పడుతుంది, తక్కువైతే అతుకు ఊడుతుంది. వేళ్ళు బొబ్బలెక్కినా వారంలో అమ్మకు చెయ్యి తిరిగింది.

ఆ ఏడు వానలకు ఒక్క పొట్లం కూడా గడ్డకట్టలేదు. అందరూ సంతోషంగా ఉన్నారు. సెప్టెంబరులో, ఒక మంగళవారం పొద్దున, కోలారులో అంగడి నడిపే మునినారాయణప్ప స్వయంగా బస్సు దిగి వచ్చాడు. చేతిలో గంపెడు కాఫీ పొట్లాలు.

"ఏమప్పా అశ్వత్థప్పా, పాత పొడి కట్టి పంపిస్తాండావా? దీంట్లో కాఫీ వాసనే లేదు. పైగా తాగితే ఊదుబత్తి తిన్నట్ల ఉండాది!"

అశ్వత్థప్ప ఒక పొట్లం కోసి వాసన చూశాడు. ముఖం మాడిపోయింది. పొడి కలపడంలో తాను తప్పు చేయడని అతనికి తెలుసు. కాబట్టి తప్పు అతుకులో ఉండాలి. తిన్నగా మా అమ్మ దగ్గరికి వచ్చాడు.

"మూతులు సరిగా అతికించలేదు నువ్వు. సన్న చిల్లుల్లోంచి వాసనంతా పోయినాది. శనివారం దాకా చెయ్యి. ఆమీద రావద్దు."

మా నాన్నకు మిల్లులో పని ఆగిపోయి అప్పటికి రెండు నెలలు. అమ్మ కొవ్వొత్తి ముందు తల వంచుకుని కూర్చుంది. పాపక్క లేచి ఆ గంపలోంచి ఒక పొట్లం తీసుకుంది. వాసన చూసింది. తర్వాత బకెట్టులో నీళ్ళు తెచ్చి, ఆ పొట్లాన్ని ముంచి, రెండు చేతులతో గట్టిగా నొక్కింది. ఎంత నొక్కినా ఒక్క బుడగ పైకి రాలేదు.

"చూడప్పా సావుకారూ, చిల్లి ఉంటే బుడగ రావల్ల గదా? ఈ పిల్ల అతుకు గట్టిగానే ఉండాది."

"మరి వాసన యాడికి పోయినాది?"

"అదే నాకూ తెలీలేదు" అని, ఆమె మునినారాయణప్ప వైపు తిరిగింది. "అన్నా, మీ అంగట్లో ఈ పొట్లాలు దేని పక్కన పెట్టినారు?"

"ఊదుబత్తి కట్టల పక్కన. ఏం, అది తప్పా?"

అతుకు బాగుంది, చిల్లి లేదు, అయినా ఊదుబత్తి వాసన లోపలికి వచ్చింది. అంటే ఆ కవరు నీళ్ళను ఆపుతుంది కానీ వాసనను ఆపదు. ఆ సంగతి పాపక్కకు ఆ నిమిషంలోనే తట్టింది. కానీ నోటితో చెబితే అశ్వత్థప్ప నమ్మడు.

పక్కనే ఉన్న మిఠాయి అంగడిలో డబ్బాలకు చుట్టే సెల్లోఫేన్ కాగితం ఉండేది, ముట్టుకుంటే కరకరలాడేది. ఒక తావు అడిగి తెచ్చింది. మూడు గాజుసీసాలు కడిగి ఆరబెట్టి, ఒక్కోదానిలో గిద్దెడు బియ్యం పోసింది. అప్పుడే ఆడించిన కాఫీపొడితో మూడు చిన్న పొట్లాలు కట్టింది. ఒకటి పాత పద్ధతి కాగితంలో, ఒకటి పాలితిన్‌లో, ఒకటి సెల్లోఫేన్‌లో. సెల్లోఫేన్ మంటకు అతుక్కోదు కాబట్టి అంచులు మడిచి జిగురు పూసింది. బియ్యం మీద ఒక్కో పొట్లం పెట్టి, మూతలు బిగించి, దేవుడి పటం కింద అరమీద వరసగా పెట్టింది.

"ఇదేం పూజ పాపక్కా?" అని ఆడవాళ్ళు నవ్వారు.

"శనివారం దాకా ఎవురూ తెరవద్దండి" అంది.

ఆ నాలుగు రోజులూ అమ్మ అతికించిన ప్రతి పొట్లాన్నీ నీళ్ళలో ముంచి చూసుకుందట.

శనివారం పొద్దున పాపక్క అశ్వత్థప్పను కూర్చోబెట్టి, పొట్లాలు తీసేసి, ఉత్త బియ్యమున్న సీసాలు అతని ముందు పెట్టింది. కళ్ళు మూసుకోమంది. మొదటి సీసా ముక్కు కింద పెట్టగానే, "కాఫీ" అన్నాడు. రెండోదానికి, "ఇదీ కాఫీనే, కొంచెం తక్కువ." మూడోదాన్ని చాలాసేపు వాసన చూశాడు. నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలాడు.

"ఇది బియ్యం" అన్నాడు చివరికి.

"మొదటిది కాగితం, రెండోది నీ పాలితిన్ను. మూడోది మిఠాయి కాగితం. బయటికొచ్చిన వాసన బియ్యానికి పడతాది. బియ్యం అబద్ధం చెప్పదు గదప్పా."

అశ్వత్థప్ప రెండో సీసాను మళ్ళీ మళ్ళీ వాసన చూశాడు. తర్వాత మా అమ్మ వైపు చూడకుండా, "సోమవారం రామ్మా" అన్నాడు.

"అంతమాత్రం చాలదు" అంది పాపక్క. "కోలారాయన ముందర ఈ పిల్లను అన్నావు. తప్పు ఆమెది కాదని ఆయనకే జాబు రాయల్ల."

సావుకారుతో అలా మాట్లాడిన మనిషిని అంగడిలో వాళ్ళెవరూ అంతవరకూ చూడలేదు. అశ్వత్థప్ప కాసేపు మీసం దువ్వుకుని, కార్డు తెమ్మన్నాడు. రాసింది చదివి వినిపించాక గానీ పాపక్క అక్కణ్ణుంచి కదల్లేదు.

ఊళ్ళకు పంపే పొట్లాలు సెల్లోఫేన్‌లో కట్టడం మొదలుపెట్టి, కథ ముగిసిందనుకున్నారు. అక్టోబరు వానలకు ఆ కాగితం తేమ పీల్చి మెత్తబడింది. అంచులు విడిపోయాయి, లోపల పొడి మళ్ళీ గడ్డకట్టింది. అశ్వత్థప్ప విసుగెత్తి అన్నీ మానేద్దామన్నాడు. పాపక్క రెండు కవర్లనూ రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"ఒగటి తేమను ఆపుతాది, ఒగటి వాసనను ఆపుతాది. లోపల మిఠాయి కాగితం, పైన పాలితిన్ను వేస్తే ఎట్ల ఉంటాది?"

"పని రెండింతలు గదా?"

"పొట్లాలు తిరిగొస్తే మూడింతలు."

అలా కట్టిన యాభై పొట్లాలను కోలారు పంపారు. ఊదుబత్తుల పక్కనే పెట్టమని పాపక్క ప్రత్యేకంగా చెప్పించింది. నెల తర్వాత మునినారాయణప్ప ఒకటి తానే కోసి కాచుకుని తాగి, జాబు రాశాడు. ఇంకో రెండు వందల పొట్లాలు పంపమనీ, అతుకు వేసే అమ్మాయిని అడిగినట్టు చెప్పమనీ. ఆ కార్డును అమ్మ దాచుకుంది.

జోసెఫ్ ఈ సంగతి విని నొచ్చుకున్నాడు. "నీళ్ళ గురించే నాకు తెలుసమ్మా. వాసన సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు" అన్నాడు. ఆ తర్వాత కొత్తరకం కవరు ఏది వచ్చినా ముందు పాపక్క దగ్గరికే తెచ్చేవాడు. ఆమె వాసన చూసి చెప్పేది, మా అమ్మ నోటు పుస్తకంలో రాసేది: ఏ కవరు, ఎన్ని రోజులు, బియ్యానికి ఏం వాసన. ఐదేళ్ళలో అలాంటి పుస్తకాలు మూడు నిండాయి.

1967లో ఆయన తెచ్చిన కవరును పాపక్క చాలాసేపు వేళ్ళతో నలిపి చూసింది. రెండు పొరలూ ఫ్యాక్టరీలోనే ఒకటిగా అతికి వచ్చాయి. ఇరవై ఒక్క రోజులు పరీక్ష పెట్టింది. బియ్యం బియ్యంలాగే ఉంది.

ఆ పుస్తకాలు చూడాలని ఫ్యాక్టరీ ఇంజనీరు ఆనందరావు గారు పాపక్కనూ అమ్మనూ పిలిపించారు. మైసూరు రోడ్డులో బస్సు దిగి, పెట్టెలోంచి తీసిన పట్టుచీర సర్దుకుంటూ లోపలికి వెళ్ళిందట పాపక్క. అక్కడ కరిగిన ప్లాస్టిక్‌ను కిందనుంచి గాలితో ఊదుతుంటే, అది పెద్ద బుడగలా కప్పుదాకా లేచి, పైన చదునై చుట్టలు చుట్టుకుంటోంది. ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని చూశారు.

"మీరు చెప్పింది మేం ముందే తెలుసుకోవాల్సింది" అన్నారు ఆనందరావు గారు, పుస్తకాలు తిరగేస్తూ. "ఇంకా మీకేమన్నా ఇబ్బందులుంటే చెప్పండమ్మా."

పాపక్క ఆ బుడగ మీదనుంచి చూపు తిప్పలేదు.

"మామిడికాయ ఊరగాయకు ఏమన్నా ఉండాదా అప్పా? నూనె అన్నింట్లోంచీ కారిపోతాండాది."

ఇంజనీరు గారు జేబులోంచి పెన్ను తీసి, మా అమ్మ పుస్తకంలో మిగిలిన ఖాళీ పేజీలో రాసుకోవడం మొదలుపెట్టారు.