పసుపు చీటీలు

మొన్న మా మేనకోడలు కొనుక్కున్న ఫ్లాట్ చూడ్డానికి బావతో కలిసి వెళ్లాను. అక్కడి ఇంజనీరు గోడ మీద లోపం కనిపించిన చోటల్లా పసుపు చీటీ అంటిస్తున్నాడు. బావ ముఖం వెలిగిపోయింది. ఇక దుబాయ్ కథ మొదలవుతుందని తెలిసి, నేను మెల్లగా బాల్కనీలోకి జారుకున్నాను.

తొంభై తొమ్మిదిలో మేమిద్దరం దుబాయ్‌లో ఒక బ్రిటిష్ కంపెనీ కడుతున్న టవర్‌లో పనిచేసేవాళ్లం. బావ టైల్స్ మేస్త్రీ, నేను పెయింటర్ని. పూర్తయిన గదుల్ని పరీక్షించే తెల్లాయన జేబులో ఎప్పుడూ పసుపు చీటీల కట్ట ఉండేది. చప్పుడు లేకుండా వచ్చి, లోపమున్న చోట ఒక చీటీ అంటించి, ‘ప్లీజ్’ అని వెళ్లిపోయేవాడు. తిట్టే ముదీర్‌తో, అదే మేనేజర్‌తో, ఎలాగో బతకొచ్చు, అసలు తిట్టని మనిషిని ఎట్లా నమ్మడం? మర్నాడు ఫోర్‌మన్ వచ్చి, చీటీ ఎవరి పని మీద ఉంటే వాళ్ల పేరు రాసుకునేవాడు.

ఆ నెల చీటీలన్నీ బావ టైల్స్ మీదే. తట్టి చూస్తే గుల్ల మోత లేదు, అంచులూ సరిగానే ఉన్నాయి. అయినా చీటీ ఉంది కాబట్టి మంచి టైల్‌ని పగలగొట్టి మళ్లీ వేసేవాడు. ఇంకో వారం ఇట్లాగే ఉంటే వీసా ఖలాస్, ఇంటికే అన్నాడు ఫోర్‌మన్. బావ వచ్చి ఏడాది కూడా కాలేదు. అక్క కడుపుతో ఉంది, ఈ ఫ్లాట్ కొన్న మేనకోడలే అప్పుడు కడుపులో ఉన్నది.

“నీ గోడల మీద ఒక్కటి లేదు. అన్ని నా బండల మీదికే ఎట్లొస్తున్నయ్ రా?” అని ఒకనాడు క్యాంపులో అడిగి, నా జవాబు వినకుండానే పళ్లెం తీసుకుని వేరే మంచం మీదికి వెళ్లిపోయాడు బావ. నాకేమో తలుపులు బిగించే వడ్రంగి తన చీటీల్ని పీకి బావ టైల్స్ మీద అంటిస్తున్నాడని అనుమానం. మర్నాడు మధ్యాహ్నం అందరూ తిండికి దిగాక బాత్రూమ్‌లో దాక్కున్నాను.

వడ్రంగి రాలేదు. తెల్లాయన వచ్చి నా గోడ మీద ఒక చీటీ అంటించి పోయాడు. పరీక్షగా నడుపుతున్న ఏసీ గాలికి అది ఊడి నేల మీద పడింది. కాసేపటికి ఊడ్చే నేపాలీ తాత వచ్చాడు. చీటీ చూసి చీపురు పక్కన పెట్టి, దాని దుమ్ము ఊది, పడిన చోటే టైల్ మీద బొటనవేలితో నొక్కి అంటించాడు. నేను బయటికొచ్చి ఇదేంటని అడిగితే, “సాహబ్ కా కాగజ్ హై బేటా, ఫేంకూఁ కైసే?” అన్నాడు. దొరగారి కాగితాన్ని చెత్తలో ఎట్లా పారేస్తానని ఆయన బాధ.

అంటే లోపాలన్నీ నావి. లప్పం సరిగా ఆరకముందే రంగు కొట్టాను, చీటీ గోడకు నిలవకపోవడానికీ అదే కారణం. చెబితే ఇంటికెళ్లేది నేను. అందుకే చెప్పలేదు. రెండు రోజులు నోరు మూసుకున్నాను. ఆ రెండు రోజులూ బావ మోకాళ్ల మీద కూర్చుని మంచి టైల్స్ ఊడదీస్తుంటే పక్కనే బ్రష్ పట్టుకుని నిల్చున్నాను. సిగ్గేసింది. భయం అంతకన్నా ఎక్కువేసింది.

మూడో రోజు ఉండబట్టలేక టైల్స్ మీది చీటీలు పీకి తెల్లాయన చేతికే ఇచ్చి, నా గోడలు చూపించాను. ఆయన గోడని గోటితో గీకి చూసి, చీటీలు జేబులో పెట్టేసుకుని, పెన్సిల్ తీసి నా గోడల మీద గుర్తులు పెట్టాడు. ‘ప్లీజ్’ అన్నాడు. అంతే. అన్నీ గీకి మళ్లీ రంగేశాను. ఎవర్నీ ఇంటికి పంపలేదు. ఆ సాయంత్రం బావ నా పళ్లెంలో అన్నం వడ్డించి, “నిన్ను తప్పుగ అనుకున్న, మనసుల పెట్టుకోకు బామ్మర్దీ” అన్నాడు.

బాల్కనీలోకి బావ గొంతు వినిపిస్తూనే ఉంది. “మా బామ్మర్ది చూసిన నిమిషమే ఉరికిండు సార్. తన నౌకరి పోతదని గూడ చూడలే.”

చూసిన నిమిషమే అన్నది అప్పట్లో బావకి నేను చెప్పిన మాటే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కథలో నేను ఇంకా మంచివాణ్ణి అవుతున్నాను, ఆ రెండు రోజులు మాత్రం అక్కడే ఉన్నాయి.