సవతి వండిన పాయసం

1944లో నేను బెజవాడలో ఒక ఆడవాళ్ళ ఆసుపత్రిలో నర్సును. నా భర్త పోయాక నేర్చుకున్న పని అది. రోజంతా పరాయి బిడ్డలను కడిగి, తుడిచి, తల్లుల పక్కన పడుకోబెట్టి ఒంటరిగా గదికి వెళ్ళేదాన్ని. ఆ తల్లులను చూస్తే నాకు ఒళ్ళు మండేది. దాచుకోవడం దేనికి? అసూయ రుచి తెలిసినదాన్ని గనకే ఈ కేసు నాకింత గుర్తుంది.

ఆ వేసవిలో కంకిపాడు వైపు నుంచి ఒక నేతగాడి భార్యలిద్దరూ ఒకే జట్కాలో వచ్చి, బల్లకు ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చున్నారు. పెద్దామె వీరమ్మ. ఆమెకు పిల్లలు కలగలేదని చేసుకున్న రెండో భార్య రత్తమ్మ. ఆమెకూ కలగలేదు. లోపమున్నదాన్ని పుట్టింటికి పంపేసి మూడోదాన్ని తెచ్చుకుంటానని ఆ మొగుడు పిల్లను కూడా చూసి వచ్చాడట.

వీరమ్మ నన్ను పక్కకు పిలిచి, లోపం చిన్నదానిలోనే ఉంటుంది, బాగా చూడమంది. లోపలికి తీసుకెళ్ళగానే రత్తమ్మ ఏడ్చింది. వాళ్ళింట్లో నెలసరి వచ్చి బయట చేరిన ఆడది నూలు ముట్టకూడదు. మూల కూర్చుంటే ఆ నెలా కడుపు రాలేదని ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది.

"నేను మూల కూర్చున్న ప్రతిసారీ అక్క పాయసం వండుద్దండీ. పెద్ద గిన్నెతో నాకే ముందు పెడుద్ది" అంది.

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

మా డాక్టరుగారు ఇద్దరినీ పరీక్ష చేశారు. ఎవరిలోనూ లోపం కనిపించలేదు. గోడ మీది బొమ్మ చూపించి వాళ్ళకు వివరంగా చెప్పమన్నారు నన్ను. యుటెరస్ అంటే గర్భసంచి, పిడికిలంత ఉంటుంది. దానికి అటూ ఇటూ సన్నటి ట్యూబులు, వాటి చివర ఓవరీస్, అంటే అండాశయాలు. నెలకో అండం విడుదలై ట్యూబులోకి వస్తుంది. మగవాడి కణం అక్కడ దాన్ని కలిస్తే గర్భం నిలుస్తుంది, లేకపోతే సంచి లోపలి పొర రక్తంతో బయటికి పోతుంది.

వీరమ్మ ఆ బొమ్మనే చూస్తూ, "మరి ఆ కణం ఆయనలో ఉందో లేదో ఎవరు చూశారండీ?" అంది.

ఎవరూ చూడలేదు. అతన్ని తీసుకురమ్మన్నారు డాక్టరుగారు.

మగవాడికి పరీక్షేమిటని అతను ఇంతెత్తున లేచాడట. మగ్గం మీద కూర్చునేది అతనే అయినా రాట్నం మీద నూలు కండెలు చుట్టి ఇచ్చేది ఆడవాళ్ళు. పడుగులో అటూ ఇటూ ఆడే నాడెలో కండె లేకపోతే బట్ట జానెడు సాగదు. ఇద్దరూ రాట్నాలు కట్టిపెట్టారు. సవతుల పోరు తెలిసినవాడే గాని సవతుల పొత్తు ఎరగడు పాపం. చేసేది లేక వచ్చాడు.

అతని వీర్యాన్ని డాక్టరుగారు మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. తోకలాడిస్తూ ఈదాల్సిన కణాలు ఒక్కటీ లేవు. ఇంకోసారి రప్పించి చూసినా అంతే. ఆరా తీస్తే, మీసాలొచ్చాక గవదబిళ్ళలు వచ్చాయనీ, ఆ జ్వరంలో కింద వాచిందనీ చెప్పాడు. కణాలు తయారయ్యేది టెస్టికిల్స్‌లో, అంటే వృషణాల్లో. ఆ వాపుకు అవి దెబ్బతిని ఉంటాయనీ, మగతనానికి లోటు లేకపోయినా పిల్లలు పుట్టడం కష్టమనీ డాక్టరుగారు మెల్లగా చెప్పారు. అతను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మూడో పెళ్ళి మాట ఇక ఎత్తలేదు.

వీరమ్మ వరండాలో చతికిలబడింది. "ఇన్నేళ్ళూ దీన్ని చూసి కుళ్ళి చచ్చాను నర్సమ్మగారూ. పుట్టే దారే లేని బిడ్డ కోసం కుళ్ళాను" అంది.

రత్తమ్మ ఆమె పక్కన కూర్చుని, "పాయసం మాత్రం మానొద్దక్కా" అంది.

ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఒకరినొకరు ఆనుకుని జట్కాలో వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పిల్లలు లేరని ఏ ఆడది ఒంటరిగా వచ్చినా, "మీ ఆయన ఏరమ్మా?" అనే ముందు అడిగేదాన్ని. ఈ కేసు నాకు నేర్పింది అది. అసూయ మానడం మాత్రం నేర్పలేదు. ఆ జట్కా మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. నా గదిలో నాకు పాయసం వండిపెట్టడానికి సవతి కూడా లేదు.