మత్తు దిగని చెయ్యి

మా అక్క కుడిచేతికి మోచేతి కింద ముడతలు పడ్డ కాలిన మచ్చ ఉండేది. కిరసనాయిలు స్టవ్వు పేలినప్పటిది. నాచారంలో మా గల్లీ ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది అక్కే. వాళ్లకు పొట్టి చేతులు, బుట్ట చేతులు కుట్టిచ్చి, తను మాత్రం నడి ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా వచ్చే జాకెట్టే వేసుకునేది. చర్చిలో పాటకు ముందు వరసలో నిలబడమంటే వెనక్కి జరిగేది. నాకు ఒళ్లు మండేది, అక్క మీద కాదు, ఆ చేతిని చూసి అయ్యో అయ్యో అనేవాళ్ల మీద.

తొంభైల మొదట్లో ఉప్పల్‌లో ఒక డాక్టర్, మచ్చ కోసి తీసేసి చుట్టూ ఉన్న చర్మం లాగి కుడతానన్నాడు. మనిషిని మొత్తం నిద్రపుచ్చరట, భుజం దగ్గర సూది వేసి చేతిని మాత్రమే మొద్దుబారేలా చేస్తారట. ఆపరేషన్ బాగానే అయింది. సాయంత్రానికి చెయ్యి తెలుస్తుందన్నారు. తెల్లారినా తెలియలేదు. వేళ్లు వేలాడుతున్నాయి, గిల్లినా తెలియదు.

"మత్తు సూదితో నరం అలిగిందమ్మా," అన్నాడు డాక్టర్. "ఎక్కడో ఒకరికి ఇట్లా అవుతుంది. తనంతట తనే తేరుకుంటుంది గానీ వారాలు పట్టొచ్చు. వేడి గిన్నెలు అవీ ముట్టుకోకు."

గిన్నెల దగ్గరికి అక్కను మేం పోనివ్వలేదు. కుట్టడానికి ఇచ్చిన గుడ్డలు ఒక్కొక్కరే వచ్చి వెనక్కి తీసుకెళ్లారు. ఆ చెయ్యి రాకపోతే మిషన్ మూలపడ్డట్టే, అక్క బతుకుదెరువు పోయినట్టే. పక్కింటావిడ అయితే మా లోపలికి వినపడేలా, "సోకు జేస్కుందామని పోతే ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె," అంది. నేను చీపురు పట్టుకుని బయటికొచ్చి మా వాకిట్లో దుమ్మంతా ఆవిడ గుమ్మం వైపే ఊడ్చాను.

మా అమ్మ కాపడం పెట్టడంలో పేరున్న మనిషి. బాలింతలకూ నడుం పట్టినవాళ్లకూ ఆమే కావాలి. పెనం మీద గళ్లుప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి అద్దేది. వేడి ఎంతుందో తన చేత్తో చూసుకునేది కాదు. పొయ్యి దగ్గర కాయలు కాసిన చేతులవి, వాటి మీద ఆమెకు నమ్మకం లేదు. "సురుక్కుమంటే చెప్పు బిడ్డా," అనేది. అవతలివాళ్లు చెప్పగానే మూట ఎత్తేది. ఏళ్ల తరబడి అదే పద్ధతి, ఎవరికీ ఏమీ కాలేదు.

ఒక మధ్యాహ్నం నేను పనికి పోయినప్పుడు అమ్మ అక్క అరచేతికి కాపడం పెట్టింది. జరిగింది తర్వాత అక్కే చెప్పింది.

"సురుక్కుమంటే చెప్పు బిడ్డా."

"ఏం తెలుస్తలేదమ్మా."

అమ్మ లేచి ఉప్పు మళ్లీ వేడిచేసి తెచ్చింది.

"ఇప్పుడు?"

"లేదే. ఇంక జర సేపు పెట్టు."

ఇద్దరికీ ఆశే, పాపం. నేను వచ్చేసరికి అరచెయ్యి నిండా బొబ్బలు. అమ్మ గోడకు ఆనుకుని, "నా బిడ్డ చెయ్యి నేనే కాల్సిన," అని నెత్తి కొట్టుకుంటోంది.

"పోనీలే అమ్మా, నొప్పయితే లేదు గద," అంది అక్క.

ఆ మాటకు అమ్మ ఇంకా ఏడ్చింది.

ఆ రోజు నుంచి అమ్మ మా ఇంట్లో గట్టిగా మాట్లాడటం మానేసింది. డాక్టర్ ఇచ్చిన మందు పూసి రోజూ పొద్దున తనే కట్టు కట్టేది. అక్క ఆ చేతిని ఎవరిదో అన్నట్టు అమ్మ ఒళ్లో పడేసి, మొహం అటు తిప్పుకుని కూర్చునేది. నేను ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే దేవుడితో కూడా కొట్లాటే వచ్చేది.

అట్లా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున పాత కట్టు పుండుకు అతుక్కుపోయింది. అమ్మ నీళ్లతో తడిపి, మెల్లగానే లాగింది. అక్క చెయ్యి వెనక్కి గుంజుకుంది.

"సంపుతవా ఏందే, అంత గట్టిగ గుంజుతవు?"

అమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. అక్క తన అరచేతిని చూసుకుంటోంది. అమ్మ ముందుకు జరిగి అక్క మణికట్టు పట్టుకుంది.

"తిట్టు బిడ్డా," అంది. "ఇంకా తిట్టు."