తాత తుంటికి అవ్వ వ్యాయామం

చదువు అప్పుడే ముగించిన వాళ్ళకు లోకమంతా తమ కోసమే కాచుకుని కూర్చున్నట్టు అనిపించే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లో నేనూ అలాగే ఉండేదాన్ని. ఫిజియోథెరపీ పట్టా చేతికి రాగానే జగిత్యాలలో ఒక ఎముకల ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. సిరిసిల్లలో మా అమ్మ వాడకట్టంతా "మా బిడ్డ డాక్టరు" అని చెప్పుకుంటే, మా నాన్న పక్కనుంచి "కాళ్ళు ఒత్తే డాక్టరు" అని సరిచేసేవాడు. (ఆయన నోటికి జడిసి నేను తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకునేదాన్ని, బస్సెక్కాకే తొడుక్కునేదాన్ని.) మనిషి ఒంట్లో నాకు తెలియని కండరం లేదని నా గట్టి నమ్మకం. కండరాలు కాక మనిషిలో తెలుసుకోవాల్సినవి ఇంకేమైనా ఉంటాయని మాకు ఎవరూ చెప్పలేదు మరి.

నాకు అప్పగించిన మొదటి పేషెంటు కథలాపూర్ వైపు నుంచి వచ్చిన తాత. వయసంతా తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. తుంటి కీలు అరిగిపోయింది, మార్చక తప్పదు. వాకిట్లోకి వెళ్ళాలన్నా అవ్వ భుజం మీద చెయ్యి వేయాల్సిందే. అవ్వేమో గుప్పెడంత మనిషి. ఆయన బరువు మోసీ మోసీ ఆమె మోకాలు కూడా పట్టేసింది. "నా తుంటి పోతే పోనీ సార్, దీని పానం పోయేటట్టున్నది. జల్ది మార్చుండ్రి," అన్నాడు తాత. ఆపరేషన్ చేసే మా పెద్ద సార్ ఆయన తొడ నొక్కి చూసి, "ముందుగాల కాలుకు బలం రావాలె. గీ మేడం నేర్పిన వ్యాయామం ఇంటికాడ రోజూ చెయ్యి. మళ్ళ చూసినప్పుడు కాలు గిట్లనే ఉంటే ఆపరేషన్ వెనుకకు జరుగుతది," అన్నారు. పాదం ఆడించడం, మడమ జరపడం, కాలు నిటారుగా లేపడం, అన్నీ చేసి చూపించాను. తాత ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. అవ్వ మాత్రం రెప్ప వేయకుండా చూసింది, రెండోసారి చూపించమని అడిగింది. పేషెంటుకు ఇంత మంచి తోడు దొరికిందని మురిసిపోయాను.

రోజూ ఫోన్ చేసేదాన్ని. "అవ్వా, వ్యాయామం అయిందా?" అంటే, "అయింది బిడ్డా. పొద్దుగాల అయింది, మాపు గూడ అయింది," అనేది. నొప్పి ఎలా ఉందంటే, "ముందుగాల ఉండె. ఇప్పుడు మోకాలు హల్కగైంది," అంది. తుంటి పేషెంటుకు మోకాలు తేలికవడమేమిటా అని ఒక క్షణం తికమకపడ్డాను గానీ, నా వైద్యం ఒకచోట చేస్తే ఇంకోచోట కూడా పనిచేస్తుంది కాబోలు అనుకున్నాను. పెద్ద సార్‌తో కూడా గొప్పగా చెప్పేశాను.

సెలవు రోజున కళ్ళారా చూద్దామని కోరుట్లలో బస్సు మారి వాళ్ళ ఊరికి వెళ్ళాను. వెళ్ళేసరికి తాత దుప్పటి కప్పుకుని మూలుగుతున్నాడు. మంచం చుట్టూ ముత్యంపేట చుట్టాలు, పక్కన బ్రెడ్డు ప్యాకెట్లు, యాపిల్ పండ్లు. అవ్వ కనబడలేదు. లోపలి గదిలోకి తొంగిచూస్తే, నేల మీద వెల్లకిలా పడుకుని, కాలు నిటారుగా గాలిలోకి లేపి ఉంది. ఒట్టు, నేను నేర్పినదానికంటే బాగా లేపింది.

"అవ్వా, ఏందిది?"

"వ్యాయామం బిడ్డా."

"తాత చెయ్యాలె గదా!"

"ఆయనకు నొస్తది. మూలుగుతుంటే చూడలేక నేనే చేస్తున్న."

"నువ్వు చేస్తే తాతకు బలం ఎట్లస్తది?"

అవ్వ లేచి కూర్చుని నా వైపు జాలిగా చూసింది. "మా కొడుక్కు చిన్నప్పుడు జరమచ్చింది. రాజన్న గుడిల పొర్లుదండాలు నేను వెట్టిన. వానికి తగ్గింది. జరమచ్చినోడే పొర్లుతడా బిడ్డా?"

తాత దగ్గరికి పరుగెత్తి చుట్టాలు వినకుండా అడిగితే ఆయనది ఇంకో లెక్క. "చూడచ్చినోళ్ళ ముంగట కాళ్ళు ఆడిచ్చుకుంట పండుకుంటే ఏమంటరు? గింత మంచిగున్నోనికి ఆపరేషన్ ఎందుకు అనరా? ఆపరేషన్‌కు పోయెటోడు మూలగాలె." ఇద్దరినీ కూర్చోబెట్టి కండరమంటే ఏమిటో, ఎవరిది వాళ్ళకే ఎందుకు పెరుగుతుందో శ్రద్ధగా వివరించాను. ఇద్దరూ అంతకంటే శ్రద్ధగా విన్నారు. "నిజమే బిడ్డా," అని అవ్వ లోపలికి వెళ్ళి మళ్ళీ కాలు లేపింది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పెద్ద సార్ పరీక్ష చేసే రోజు దగ్గరికొస్తోంది. ఆపరేషన్ వాయిదా పడితే అవ్వ ఇంకెన్నాళ్ళు మోస్తుంది? విసుగులో నోటికొచ్చింది అనేశాను. "సరే తాతా, అవ్వ చేస్తే నీకు ముడ్తది. మరి అవ్వ మోకాలుకు ఎవరు చెయ్యాలె?"

తాత మూలుగు ఆపేశాడు. "నేను చేస్తే దానికి తగ్గుతదా?"

తగ్గుతుందన్నాను. (ఏ పుస్తకంలో చదివి అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.) దుప్పటి కింద తాత పాదం మెల్లగా ఆడటం మొదలుపెట్టింది. అప్పుడే రుద్రంగి నుంచి దిగిన బావమరిది అది చూసి, "అయ్యో, బావ కాళ్ళు కొట్టుకుంటున్నయ్!" అని శోకం అందుకున్నాడు. "కొట్టుకోనీ తియ్, ఇంకింత సేపు కొట్టుకోవాలె," అన్నాడు తాత.

ఆ తర్వాత ఫోన్ చేస్తే నాకే తల తిరిగేది. ఎలా ఉందని తాతనడిగితే, "మంచిగున్నది, దాని మోకాలు వంగుతున్నది," అనేవాడు. అవ్వనడిగితే, "ఆయన తొడ గట్టివడ్డది బిడ్డా," అనేది. నేనిప్పుడు ఎవరికి వైద్యం చేస్తున్నానో, ఎవరిది ఎవరికి తగ్గుతోందో అర్థంకాక, బస్సులో కూర్చుని వేళ్ళు మడిచి మరీ ఆలోచించేదాన్ని. పెద్ద సార్ మాత్రం తాత తొడ నొక్కి చూసి, ఆపరేషన్ చేద్దామన్నారు.

ఆపరేషన్ రోజు థియేటర్ బయట బెంచీ మీద అవ్వ పాదం ఆడిస్తూ కూర్చుంది. "ఇంకెందుకవ్వా? వ్యాయామం పని అయిపాయె గదా," అన్నాను.

"లోపట ఆయనకు సోయి లేదు గద బిడ్డా. ఇప్పుడు ఆయన చేస్కోలేడు," అంది.

పక్కన కూర్చున్నాను, అంతే. తాత బాగానే లేచాడు. కర్ర పట్టుకుని వాకిట్లోకి తనే వెళ్ళాడు.

ఇప్పుడు కోరుట్లలో నాకు సొంత క్లినిక్ ఉంది. తుంటి మార్చుకోబోయే పెద్దవాళ్ళందరికీ, ఎవరి వ్యాయామం వాళ్ళే చెయ్యాలని గట్టిగా చెబుతాను. మొన్న నన్ను "కాళ్ళు ఒత్తే డాక్టరు" అన్న మా నాన్నకే తుంటి మార్చారు. స్ట్రెచర్ థియేటర్ లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది. మా అమ్మ నన్ను చూసి, "ఏందే, కాళ్ళు ఎందుకు ఆడిస్తున్నవ్?" అంది. కిందికి చూస్తే నిజమే, రెండు పాదాలూ ఆడుతున్నాయి. ఇంత చదివినదాన్ని, ఏమని చెప్పను? "ఊరికెనే అమ్మా," అన్నాను, నవ్వొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ. ఆపలేదు మాత్రం. కాసేపటికి మా అమ్మ కూడా చెప్పులు విప్పి తన పాదం ఆడించడం మొదలుపెట్టింది.